సుద్దగీత కింద అంతా కుక్కపిల్లదే: చిన్న ట్రైలర్‌ను సర్దుకోవడం ఎలా

ముందు ఒక సుద్దముక్క తీసుకోండి. టేపు, డ్రిల్లు, ప్లైవుడ్ లిస్టు అన్నీ తర్వాత. ట్రైలర్ అంటే ఇక్కడ కారు వెనక తగిలించుకుని వెళ్ళి, రాత్రి అందులోనే పడుకునే చిన్న గదిలాంటి బండి. అది ఖాళీగా ఉన్నప్పుడే లోపలికెళ్ళి, నేల నుంచి రెండడుగుల ఎత్తున, నాలుగు గోడల మీదా చుట్టూరా గీత గీయండి. గీత కింద ఉన్నదంతా కుక్కపిల్లది, పైన ఉన్నది మీది. కింద వైరు ఉండకూడదు, అంచు కప్పని చెక్క ఉండకూడదు, వేలాడే గుడ్డ ఉండకూడదు, జిగురు డబ్బా అయితే ఒక్క నిమిషం కూడా ఉండకూడదు. ఈ ఒక్క నియమం పెట్టుకుంటే మిగతా నిర్ణయాల్లో సగం వాటంతట అవే తేలిపోతాయి.

మాది విశాఖపట్నంలోని మధురవాడ. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పున్న చిన్న ట్రైలర్‌ని నేనూ మా ఆవిడా కలిసి సాయంత్రాలూ ఆదివారాలూ పని చేసి సర్దుకున్నాం. పని మొదలైన వారానికే జున్ను వచ్చింది. తొమ్మిది వారాల దేశీ కుక్కపిల్ల, నిద్ర లేచి ఉన్నంతసేపూ నోట్లో ఏదో ఒకటి ఉండాల్సిందే. ఆ పిల్లని పక్కన పెట్టుకుని పని చేయడం వల్ల నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

పని మొదలుపెట్టే ముందు రెండు కాగితాలు చూసుకోండి. మన దేశంలో ట్రైలర్ కూడా రిజిస్ట్రేషన్ ఉండాల్సిన బండే, దానికీ నంబరు ప్లేటు ఉండాలి. కొనకముందే, వెల్డింగ్ షాపులో కట్టిస్తుంటే ఇంకా ముందే, రవాణా శాఖ ఆఫీసుకెళ్ళి ఏమేం కావాలో అడగండి. ట్రైలర్ డబ్బాకి రంగులు కూడా వేశాక వెళ్తే అప్పుడు మార్చుకునే వీలుండదు. రెండోది మీ కారుతో ఇచ్చిన పుస్తకం. అసలు ఆ కారు ట్రైలర్ లాగొచ్చా, లాగితే ఎంత బరువు లాగొచ్చు అన్నది అందులో ఉంటుంది. ఆ అంకె మించి ఒక్క కిలో కూడా పెట్టుకోవద్దు.

ఇక పని ఎప్పుడు ఏ వరసలో చేయాలి అంటే, దానికి పిల్ల వయసే క్యాలెండరు. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య వేస్తారు, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి చొప్పున పదహారు వారాలు వచ్చేదాకా వేస్తూనే ఉంటారు, రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. ఇవన్నీ అయ్యి ఇంకో వారం పది రోజులు గడిచేదాకా వీధికుక్కలు తిరిగే నేల మీద పిల్లని దింపకూడదు, ఎందుకంటే కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి చావకుండా ఉంటుంది. అంటే రుషికొండ ఇసుక మీద పరిగెత్తించే ముచ్చట ఎలాగూ అప్పటిదాకా ఆగాలి. ఆ సమయమంతా కట్టుకోవడానికి వాడుకోండి.

ఇందులో ఇంకో లాభం ఉంది. సుమారు మూడో వారం నుంచి పద్నాలుగో వారం లోపు కుక్కపిల్ల చూసినవాటికీ విన్నవాటికీ తేలిగ్గా అలవాటు పడుతుంది, తర్వాత అదే కొత్తది చూస్తే భయపడుతుంది. అందుకే లోపల ఏమీ లేని రోజుల్లోనే జున్నుకి రోజూ ఒక పూట అన్నం ట్రైలర్‌లోనే పెట్టాం. ఎత్తుకుని తీసుకెళ్ళడం, తినగానే ఎత్తుకుని వచ్చేయడం. డ్రిల్లు చప్పుడు మొదట ముప్పై అడుగుల దూరం నుంచి వినిపించి, వింటున్నంతసేపూ చిన్న చిన్న చికెన్ ముక్కలు ఇచ్చాం, రోజుకి కొంచెం దగ్గరికి జరిగాం. వారం తిరిగేసరికి డ్రిల్లు మోగితే తోక ఊపడం మొదలుపెట్టింది. ఇది అయ్యాకే పెద్ద పని పెట్టుకోండి. భయపడిన పిల్లని తర్వాత ఆ డబ్బాలోకి రమ్మంటే రాదు.

నేల సంగతి. కార్పెట్ వద్దు, టైల్స్ లాగా ముక్కలు ముక్కలుగా అతికించేవి అంతకన్నా వద్దు. పిల్ల మూత్రం అతుకుల్లోంచి కిందికి దిగితే మన వైజాగ్ గాలికి అది ఆరదు, ఆ చెక్క ఉబ్బుతుంది, వాసన బండి ఉన్నంతకాలం పోదు. ఒకే ముక్కగా వచ్చే వినైల్ షీటు తెచ్చుకుని, గోడ దగ్గర మూడంగుళాలు పైకి మడిచి, పై అంచుని సిలికాన్‌తో మూసేయండి. నీళ్ళు పోసినా పళ్ళెంలో నిలిచినట్టు నిలబడాలి, గుడ్డతో తుడిచేయగలగాలి. దాని కింద చెక్క 12 ఎం.ఎం. మెరైన్ ప్లైవుడ్, అంటే నీళ్ళకి తట్టుకునే రకం, షీటు మీద ఐ.ఎస్. 710 అని ముద్ర ఉందో లేదో షాపులోనే చూసుకోండి. పరిచే ముందు ఆ చెక్క నాలుగు అంచులకీ నీళ్ళు చొరని పూత రెండుసార్లు వేయడం మర్చిపోవద్దు, నీళ్ళు పీల్చేది అంచే.

ఒకచోట పోసిన పిల్ల వాసన పట్టుకుని మళ్ళీ అక్కడే పోస్తుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లు వాడితే ఆ వాసన దానికి మూత్రంలాగే ఉంటుంది. నల్ల ఫినాయిల్‌లో ఉండే ఫీనాల్స్ కుక్కలకి విషం, నేల నాకే వయసు కాబట్టి అది అసలు బండిలోకి రానివ్వకండి. పెంపుడు జంతువుల షాపుల్లో ఎంజైమ్ క్లీనర్ దొరుకుతుంది, అది ఆ వాసనని విరగ్గొడుతుంది. ఒక్క సీసా చాలా కాలం వస్తుంది.

చెక్కపని దగ్గర మేస్త్రీలు ఇంటికి వాడే 19 ఎం.ఎం. ప్లైవుడ్ చెప్తారు. ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కటి దాదాపు 38 కిలోలు ఉంటుంది, అదే 9 ఎం.ఎం. అయితే 18 దాకా. నాలుగు షీట్ల పనికి తేడా ఎంతో లెక్కేసుకోండి, ఆ బరువంతా మీ కారు ఘాట్ ఎక్కుతూ లాగాలి. అరలకి 9, మంచం మీదకి 12, దానికి కింద అల్యూమినియం సెక్షన్ ఫ్రేము సరిపోతాయి. చెక్క బదులు ఫోమ్ బోర్డు నీళ్ళకి తట్టుకుంటుందని చాలామంది చెప్తారు, నిజమే, కానీ గీత కింద వాడొద్దు. మెత్తగా ఉంటుంది, జున్ను ఒక మధ్యాహ్నంలో సొరుగు మూల మొత్తం కొరికి తీసేసింది, ఆ తెల్లపొడి కడుపులోకి ఎంత వెళ్ళిందోనని రెండు రోజులు టెన్షన్ పడ్డాం. గీత కింద ఉన్న ప్రతి చెక్క అంచుకీ అంగుళం అల్యూమినియం ఎల్ పట్టీ కొట్టించండి. నాలుగో నెల నుంచి ఆరేడు నెలల దాకా 28 పాలపళ్ళు ఊడి 42 పళ్ళు వస్తాయి, ఆ దురదకి అంచు దొరికితే చాలు. కొరకడానికి దానికంటూ ఒకటి ఇవ్వాలి కూడా. ఫ్రీజర్‌లో పెట్టిన క్యారెట్టు, తడిపి గడ్డకట్టించిన గుడ్డముక్క, ఈ రెండూ మాకు బాగా పనిచేశాయి, గుడ్డ ఇచ్చినప్పుడు మాత్రం మింగకుండా పక్కన కూర్చోండి. పాత చెప్పు మాత్రం ఇవ్వకండి, పాతదీ కొత్తదీ దానికి తెలియదు.

చెదమందు పూస్తానని మేస్త్రి అంటాడు, ఇంటి చెక్కపనికి అది అలవాటు కాబట్టి. టైర్ల మీద నిలబడే బండికి చెద భయం తక్కువ, ఆ మందు నాకే పిల్లకి ప్రమాదం ఎక్కువ. వద్దని ముందే గట్టిగా చెప్పండి.

ఉప్పుగాలి గురించి బీచ్ రోడ్డు పక్కన ఇల్లున్న వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మాకు డబ్బా కట్టిన షాపులో మామూలు జింకు పూత స్క్రూలు వేశారు, రెండో నెలకే తలలు తుప్పుపట్టి గోడ మీద ఎర్రచారలు దిగాయి, అన్నీ విప్పి మళ్ళీ వేసుకున్నాం. లోపల 304 రకం స్టెయిన్‌లెస్ స్క్రూలు, బయట 316 రకం వాడండి. 316లో మాలిబ్డినం కలుస్తుంది, ఉప్పుకి అందుకే ఎక్కువ ఆగుతుంది. స్టెయిన్‌లెస్ స్క్రూ నేరుగా అల్యూమినియం మీద బిగిస్తే తడి తగిలినచోట అల్యూమినియం తినేసుకుపోతుంది కాబట్టి మధ్యలో నైలాన్ వాషర్ వేయండి. సముద్రం ఒడ్డున ఒక రాత్రి ఆగి వచ్చారంటే మర్నాడే కింద ఛాసిస్‌ని మంచినీళ్ళతో కడగాలి. తుప్పు రేకులు రాలి నేల మీద పడితే ఏరుకుని నోట్లో పెట్టుకునేది ఎవరో తెలుసు కదా.

కరెంటు పని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను. మాకు కావాల్సింది లెక్కేసుకుంటే పైకప్పు ఫ్యాను 20 వాట్లు పది గంటలు, మూడు చిన్న ఎల్‌ఈడీలు ఐదు గంటలు, రెండు ఫోన్లు. రోజుకి 300 వాట్ అవర్స్ చుట్టూ తేలింది. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో దాదాపు 1280 ఉంటాయి, అంటే ఎండ అసలు లేకపోయినా మూడు రోజులకి పైనే నడుస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ చవకే కానీ సగం కంటే కిందికి దించితే త్వరగా పోతుంది, బరువు కూడా రెండింతలు పైనే. పైన 150 వాట్ల సోలార్ ప్యానెల్ పెడితే మంచి ఎండరోజున 500 దాకా వస్తుంది. ఫ్రిజ్ పెట్టుకోవాలంటే ఈ లెక్క మొత్తం మారిపోతుంది. మేం ఐస్‌బాక్స్‌తో సరిపెట్టుకున్నాం.

వైర్లన్నీ గీతకి పైనుంచే వెళ్ళాలి. బ్యాటరీ బరువు కాబట్టి కిందే ఉంటుంది, దాన్ని గడియ ఉన్న పెట్టెలో పెట్టి, అక్కడి నుంచి పైకి వెళ్ళే రెండడుగుల వైరుని గట్టి పైపులో నడిపించి రెండు చోట్ల క్లాంపులు వేయండి. మెత్తగా వంగే పైపు పిల్ల నోటికి ఆటవస్తువే, అక్కడ గట్టిదే వాడండి. మెయిన్ ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ కొసకి జానెడు దూరం లోపు ఉండాలి. లిథియం బ్యాటరీ షార్టయితే ఒక్కసారిగా వందల ఆంపియర్లు వదులుతుంది, ఆ వైరు ఎర్రగా కాలడానికి క్షణాలు చాలు. 12 వోల్టులు పిల్లకి షాక్ కొట్టకపోవచ్చు, కొరికిన వైరు దగ్గర మంట పుట్టడమే భయం. ఇంటి కరెంటు, అంటే 230 వోల్టులు, బండిలోకి తెచ్చుకునే ఏర్పాటు ఉంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు లేకుండా వాడనే వద్దు. ఫోన్ ఛార్జింగ్ పాయింట్లు కూడా మంచం తల దగ్గర పైకి పెట్టుకోండి. వేలాడే ఛార్జర్ వైరు గీత దాటి కిందికి దిగిందంటే నియమం తప్పినట్టే.

ఇప్పుడు జిగురు. ఇది తెలియక ఎవరికైనా పిల్ల పోతుందేమోనని భయంగా ఉంటుంది, అందుకే విడిగా చెప్తున్నాను. నురగలా ఉబ్బే పాలీయూరిథేన్ జిగుళ్ళుంటాయి, చెక్కకీ లోహానికీ అన్నిటికీ అంటుకుంటాయని వాడతారు. కొన్నిటికి తీపి రుచి ఉంటుంది. కుక్క కొంచెం నాకినా కడుపులో తడి తగిలి అది ఎన్నో రెట్లు ఉబ్బి గట్టిపడుతుంది, దారి మూసుకుపోతుంది, ఆపరేషన్ చేసి తీయాల్సి వస్తుంది. నాకిందని అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించే ప్రయత్నం మీరు చేయొద్దు, నీళ్ళు కూడా తాగించొద్దు, జిగురు డబ్బా చేతిలో పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. అతికించిన రోజు ఆరేదాకా పిల్లని ట్రైలర్ దగ్గరికే తీసుకురాకండి. మా పద్ధతి ఏమిటంటే జిగురు, పెయింటు, సిలికాన్ పనులన్నీ ఒకే రోజుకి కుదించి, ఆ రోజు ఒకరు ఇంట్లో జున్నుతో, ఒకరు పని మీద. రోజు పని అయిపోగానే అయస్కాంతం ఒకటి నేల మీద తిప్పి రాలిన స్క్రూలు, మేకులు ఏరుకుంటాం. స్టెయిన్‌లెస్ స్క్రూలు చాలావరకు అయస్కాంతానికి అంటుకోవు, అందుకే వాటిని లెక్కపెట్టి తెచ్చుకుని లెక్కపెట్టి వాడతాం. తర్వాత చీపురు, చివరికి తడిగుడ్డ.

మంచం అడుగున పిల్ల గది కట్టండి. ఇప్పటి సైజుకి కాదు, పెద్దయ్యాక ఎంత అవుతుందో దానికి, నిలబడి వెనక్కి తిరగగలిగినంత. ఇప్పుడు మరీ పెద్దగా ఉంటే ఒక మూల పడుకుని ఇంకో మూల పోస్తుంది కాబట్టి మధ్యలో జరిపే అడ్డు చెక్క ఒకటి పెట్టి, ఎదిగేకొద్దీ వెనక్కి జరపండి. ముందు తలుపు స్టీలు జాలీతో ఉండాలి, గాలి ఆడాలి, మీ కాళ్ళు దానికి కనిపించాలి. లోపల పరుపేమీ కొనకండి, పాత నూలు చీర నాలుగు మడతలు వేసి పరిస్తే చాలు, తడిస్తే ఉతికి ఆరేయొచ్చు. మీ పరుపు విషయంలో కొబ్బరిపీచుది వద్దు. చిన్న చిరుగు దొరికితే పీచు మొత్తం లాగేస్తుంది, మింగితే పేగుల్లో చుట్టుకుంటుంది. ఫోమ్ పరుపుకి రెక్సిన్ కవరు కుట్టించి జిప్పు గోడవైపుకి తిప్పండి. మంచి కవర్లు, కర్టెన్లు పళ్ళు మారడం అయిపోయాక కొనుక్కోవచ్చు.

తలుపు దగ్గర మెట్టు ఎత్తుంటే పిల్లని దూకనివ్వకండి, ఎదిగే కీళ్ళు అవి. మూడడుగుల చెక్కపలక మీద రబ్బరు మ్యాట్ అతికించి వాలుగా వేస్తే రెండు రోజుల్లో నేర్చుకుంటుంది.

గాలి లేకపోతే మిగతావన్నీ దండగ. కుక్కలకి మనలా ఒంటినిండా చెమట పట్టదు, రొప్పుతూ నోట్లోని తడి ఆవిరి చేసుకునే ఒళ్ళు చల్లబరచుకుంటాయి. మన ఊరి మే నెల ఉక్కపోతలో ఆ తడి అంత తేలిగ్గా ఆవిరి కాదు. అందుకే హైదరాబాదులో 40 డిగ్రీల్లో ఉన్న కుక్క కంటే ఇక్కడ 35లో ఉన్న కుక్కకే ఎక్కువ కష్టం కావచ్చు. పైకప్పులో పద్నాలుగు అంగుళాల ఫ్యాను ఒకటి గాలి బయటికి లాగేటట్టు, ఎదురెదురుగా రెండు కిటికీలు, వాటిలో ఒకటి పిల్ల గది ఎత్తులో. దోమతెర నైలాన్‌ది అయితే గోళ్ళకి చిరిగిపోతుంది, గీత కింద స్టీలు జాలీయే. ఫ్యాను ఉంది కదా అని పిల్లని లోపల పెట్టి తాళం వేసి వెళ్ళొద్దు. ఫ్యూజు పోవచ్చు, నీడ జరిగిపోవచ్చు. ఐదు నిమిషాల టీకి కూడా వెంట తీసుకెళ్ళండి.

నీళ్ళకి రెండు 20 లీటర్ల డబ్బాలు, కాలితో తొక్కే పంపు. లీటరుకి కిలో చొప్పున అవే 40 కిలోలు, కాబట్టి సరిగ్గా చక్రాల ఇరుసు మీద పెట్టాలి. వంట బయటే. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, లీకైతే కిందకి దిగి సరిగ్గా పిల్ల పడుకునేచోట నిలుస్తుంది, అందుకని మా ఐదు కిలోల సిలిండరుకి అర ట్రైలర్ బయటవైపు ముందుభాగంలో ఉంది, దానికి అడుగున గాలి రంధ్రాలున్నాయి. ఉల్లిపాయలు, వెల్లుల్లి, ఎండుద్రాక్ష, చాక్లెట్ నాలుగూ కుక్కకి పడనివి, వాటి డబ్బా అన్నిటికంటే పై అరలో.

సామాను సర్దాక బరువు చూసుకోవాలి. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం కారు కొక్కెం మీద పడాలి. వెనక ఎక్కువైతే వేగం పెరిగేకొద్దీ ట్రైలర్ తోకలా ఊగుతుంది, ఒకసారి ఊగడం మొదలైతే ఆపడం చాలా కష్టం. లోడుతో ఒకసారి బండ్లు తూచే కాటాకి తీసుకెళ్ళండి. కారు నుంచి విప్పి ట్రైలర్ మొత్తం బరువు ఒకసారి, కారుకి తగిలించి దాని చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఒకసారి చూస్తే, ఆ తేడాయే కొక్కెం మీద పడే బరువు.

అక్టోబరు, నవంబరు నెలల్లో బండిని చెట్టు కింద ఆపి ఉంచకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊళ్ళో చెట్లని ఏం చేసిందో చూసినవాళ్ళెవరూ ఆ పని చేయరు. తుపాను కబురు రాగానే చక్రాలకి అడ్డుదిమ్మలు పెట్టి, నీళ్ళ డబ్బాలు నింపి, నేలకి తాళ్ళతో కట్టేయండి.

ప్రయాణంలో పిల్ల కారులోనే ఉండాలి, వెనక సీట్లో బెల్టుతో కట్టిన బుట్టలో. కదిలే ట్రైలర్‌లో మనుషులూ ఉండకూడదు, కుక్కలూ ఉండకూడదు. బయల్దేరడానికి మూడు గంటల ముందే అన్నం ఆపేస్తే వాంతులు తగ్గుతాయి. నెలల వయసుకి ఒకటి కలిపితే వచ్చే గంటలే అది ఆపుకోగలిగేది, మూడు నెలల పిల్ల అయితే మహా అయితే నాలుగు గంటలు, దారిలో అంతకంటే చాలా ముందే ఆపాలి.

మొదటి రాత్రి మీ ఇంటి ముందే పడుకోండి. రెండోది భీమిలి వైపు, మర్చిపోయింది గుర్తొస్తే అరగంటలో ఇంటికి వచ్చేయొచ్చు. ఆ రెండు రాత్రుల్లో దొరికిన తప్పులు సరిచేశాకే అరకు. ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది. అక్కడ ఆగి, పిల్లని లీషు వేసి తిప్పి, నీళ్ళు పట్టి, కొక్కెం పిన్ను, గొలుసు, లైట్లు చూసుకుని ఎక్కండి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగండి, బ్రేకు మీద కాలు నొక్కిపట్టి ఉంచితే వేడెక్కి పట్టు పోతుంది. డిసెంబరులో పైన చలి బాగా ఉంటుంది, ఆ పాత చీరకి తోడు ఒక ఉన్ని దుప్పటి వేయాలి. రిసార్టు స్థలంలో ఆగాలనుకుంటే కుక్క ఉందని ముందే ఫోన్ చేసి చెప్పి, ఒప్పుకున్నాకే వెళ్ళండి. రాత్రి పడుకోబోయే ముందు చెవుల లోపల, కాలివేళ్ళ మధ్య పిడుదుల కోసం టార్చి వేసి వెతకండి, గడ్డిలో తిరిగిన ప్రతిరోజూ.

జున్నుకి ఇప్పుడు ఏడు నెలలు. వెనక కాళ్ళ మీద నిలబడి బల్ల మీదున్న టీ డబ్బా అందుకుంటోంది. పోయిన ఆదివారం పాత గీత తుడిచేసి మూడడుగులకి కొత్తది గీశాం. ఇప్పుడు ఆ కొత్త గీత కిందికి వచ్చిన స్విచ్చు ఒకటి, ఛార్జింగ్ పాయింటు ఒకటి పైకి జరపాలి, సొరుగులకి గడియలు తేవాలి.